పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డలకు గర్భనిరోధక సాధనాలు: తల్లిదండ్రుల సంతకం కావాలా?

ఓ.పి.లో రద్దీ తగ్గిన తరువాత కొందరు తల్లులు నా బల్ల దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టరమ్మా, మా అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. మాకు చెప్పకుండా వచ్చి అడిగితే గర్భం రాకుండా మాత్రలు ఇచ్చేస్తారా?" ఈ ప్రశ్న వెనుక భయం ఉంది. కొంత కోపం కూడా ఉంది. రెండూ న్యాయమైనవే. బిడ్డను కని పెంచిన వారికి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది. అందుచేత ఈ విషయంలో చట్టం ఏమి చెబుతోంది, ఆస్పత్రిలో ఏమి జరుగుతుంది, ఇంట్లో మనం ఏమి చేయాలి అనే మూడు సంగతులు ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. పేరు, ఊరు చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆ అమ్మాయి

కొన్నేళ్ళ క్రితం ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని తల్లి తీసుకువచ్చింది. కడుపు ఉబ్బరంగా ఉంటోందని, నులిపురుగుల మందు వేయించమని అడిగింది. నెలసరి సరిగా వస్తోందా అని నేను అమ్మాయిని అడిగితే, "వస్తోందమ్మా" అని తల్లి జవాబు చెప్పింది. అమ్మాయి తల ఎత్తలేదు. బరువు చూసే వంకతో పక్క గదిలోకి తీసుకువెళ్ళి మళ్ళీ అడిగాను. అప్పుడు ఏడ్చింది. స్కానింగ్‌లో ఆరు నెలలు దాటిన గర్భం కనిపించింది.

తరువాత వార్డులో ఉన్న రోజుల్లో ఆ అమ్మాయి నాకు కొన్ని సంగతులు చెప్పింది. మొదట్లోనే భయం వేసి, ముఖానికి చున్నీ చుట్టుకుని మెడికల్ షాపు వరకు వెళ్ళిందట. షాపులో ఉన్నాయన నాన్నకు తెలిసిన మనిషి కావడంతో తలనొప్పి మాత్ర కొనుక్కుని తిరిగి వచ్చేసింది. మన ఆస్పత్రికి రావాలనుకుంటే, "అమ్మానాన్నలను తీసుకురమ్మంటారు, సంతకం అడుగుతారు" అని స్నేహితురాలు చెప్పిందట. ఇక ఎక్కడికీ వెళ్ళలేదు. నెలలు గడిచిపోయాయి.

తల్లి గుండెలు బాదుకుంటూ, "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నిన్ను చంపేదాన్నా తల్లీ?" అంది. దానికి ఆ పిల్ల మెల్లగా ఇచ్చిన జవాబు నేను ఈనాటికీ మరచిపోలేదు. "పక్కింటి అక్క వెళ్ళిపోయినప్పుడు, నా కూతురే అయితే నరికేసేదాన్ని అన్నావు కదమ్మా."

ఎదిగే ఆడపిల్ల వింటూ ఉండగా మనం ఎవరి గురించో అన్న మాట, ఆ పిల్ల తన గురించే అన్నట్టు దాచుకుంటుంది.

ఇది ఎంతమంది సమస్య?

"మా ఇళ్ళలో ఇలాంటివి ఉండవు" అనుకునేవారు ఈ లెక్క చూడాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–19 ఏళ్ళ వయసులో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భంతో ఉన్నవారు దేశం మొత్తం మీద 6.8 శాతం, తెలంగాణలో 5.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు ఆడపిల్లలు ఎనిమిది మంది ఉంటే దాదాపు ఒకరు. అదే సర్వేలో 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

కనుక ఈ బిడ్డల్లో ఎక్కువమంది మెడలో తాళి ఉన్నవారేనని గమనించాలి. వారిని దాచిపెట్టరు. అత్తగారే తీసుకువస్తుంది. "మొదటి కాన్పు అయిపోనీయండి, ఆ తరువాత ఆలోచిద్దాం" అంటుంది. కానీ ఆ వయసులో కాన్పు తేలికైన సంగతి కాదు. గుర్రపు వాతం, కాన్పు తరువాత ఇన్‌ఫెక్షన్, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం, నెలలు నిండకుండా కాన్పు కావడం చిన్న వయసు తల్లుల్లో ఎక్కువ. రక్తహీనత తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

చట్టం ఏమంటోంది?

1. మన దేశంలో 18 ఏళ్ళు నిండేవరకు మైనరే. ఆపరేషన్లు వంటి వాటికి తల్లి, తండ్రి లేదా సంరక్షకులు సంతకం చేయాలి. ఇది మీకు తెలిసినదే.

2. గర్భనిరోధక సాధనాల విషయంలో మాత్రం, ఫలానా వయసు లోపువారికి తల్లిదండ్రుల సంతకం లేకుండా ఇవ్వరాదని గాని, ఇవ్వవచ్చని గాని ప్రత్యేకంగా చెప్పే చట్టం మనకు లేదు. నిరోధ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. అత్యవసర గర్భనిరోధక మాత్రను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి 2005లో అనుమతి వచ్చింది.

3. గర్భస్రావానికి మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. 1971 నాటి చట్టం ప్రకారం 18 నిండని బాలికకు గర్భస్రావం చేయాలంటే సంరక్షకుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. 2021లో ఆ చట్టాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు, మైనర్లు, అత్యాచార బాధితులు మొదలైన వారి విషయంలో 20 నుంచి 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయించాలి. సంరక్షకుల అనుమతి నియమం మారలేదు.

4. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 లోపు బాలికతో లైంగిక సంబంధం నేరం. బాలిక ఇష్టపడింది అన్నా చట్టం ఒప్పుకోదు. పెళ్ళి చేసుకున్నాం అన్నా ఒప్పుకోదు. ఈ సంగతి 2017లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు, డాక్టరైనా నర్సైనా, పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే మాకు ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

5. ఈ నియమానికి భయపడి బాలికలు ఆస్పత్రికి రాకుండా నాటు వైద్యానికి పోతున్నారని గ్రహించి, 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆ బాలిక పేరు, గుర్తింపు వివరాలు ఇవ్వనక్కరలేదు.

పోక్సోలోని 18 ఏళ్ళ వయసును తగ్గించాలా అన్న చర్చ కూడా జరిగింది. తగ్గించవద్దని, అయితే 16–18 మధ్య వయసువారు ఇష్టపడిన కేసుల్లో శిక్ష విషయంలో న్యాయమూర్తికి కొంత విచక్షణ ఉండాలని లా కమిషన్ 2023లో సూచించింది.

ఈ అయిదు సంగతులు కలిపి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. మొదట్లో, అంటే గర్భం రాకముందు, చట్టం మీ సంతకం అడగదు. గర్భం వచ్చిన తరువాత మీ సంతకం లేకుండా పని జరగదు. అప్పటికి కాలం మించిపోతే మిగిలేది కాన్పు కాగితం మీద సంతకమే.

సంతకం కావాలనే వారి మాట

తల్లిదండ్రుల వాదనలో బలం ఉంది. దానిని తీసిపారేయకూడదు.

మొదటిది, బిడ్డ ఆరోగ్య చరిత్ర తల్లికే బాగా తెలుసు. మూర్ఛకు వాడే కొన్ని మందులు, క్షయకు వాడే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. ఒకవైపు తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు వచ్చేవారికి కొన్ని రకాల మాత్రలు పనికిరావు. చిన్నప్పుడు వచ్చిన జబ్బులు పదహారేళ్ళ పిల్ల చెప్పలేకపోవచ్చు.

రెండవది, ఎవరైనా పెద్దవాడు ఆ పిల్లను మోసం చేస్తుంటే, ఎవరూ ఏమీ అడగకుండా మాత్రలు ఇవ్వడం అతనికే లాభం. నేరం బయటపడకుండా నెలల తరబడి నడుస్తుంది.

మూడవది, రేపు ఏ కష్టం వచ్చినా మంచం పక్కన కూర్చునేది తల్లిదండ్రులే.

సంతకం తప్పనిసరి చేయవద్దనే వారి మాట

ఇటువైపు కూడా వినండి. సంతకం తేవాలి అంటే, చెప్పుకోగలిగిన ఇంటి పిల్ల తెస్తుంది. చెప్పుకోలేని ఇంటి పిల్ల అసలు రాదు. మాకు ఎక్కువగా కావలసినది ఆ రెండవ పిల్లే.

ఇంకో కఠినమైన సంగతి ఉంది. కొన్నిసార్లు బిడ్డకు హాని చేసినవాడు ఇంట్లోవాడే, లేదా దగ్గరి బంధువే అవుతాడు. ఆ బిడ్డను పట్టుకుని "ఇంట్లో పెద్దల సంతకం తీసుకురా" అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇదే ప్రశ్న ఇంగ్లండులో అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. విక్టోరియా గిలిక్ అనే పదిమంది పిల్లల తల్లి, పదహారేళ్ళ లోపు తన కుమార్తెలకు తనకు తెలియకుండా గర్భనిరోధక సలహా గాని చికిత్స గాని ఇవ్వరాదని కోర్టుకు వెళ్ళింది. 1985లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆమె వాదనను అంగీకరించలేదు. ఆ తీర్పు డాక్టర్లకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేయలేదు. బాలిక విషయాన్ని అర్థం చేసుకోగలగాలి. తల్లిదండ్రులకు చెప్పమని ఆమెకు నచ్చజెప్పాలి. ఆమె ససేమిరా అన్నప్పుడు, చికిత్స ఇవ్వకపోతే ఆరోగ్యం దెబ్బతింటుంది అనుకుంటేనే ఇవ్వాలి. అది వారి దేశం చట్టం, మనకు వర్తించదు. అయితే "ముందు అమ్మకు చెప్పేలా ప్రయత్నించండి" అన్న మాట ఎక్కడైనా మంచిదే.

అమెరికాలో కుటుంబ నియంత్రణ క్లినిక్‌లకు వచ్చిన 18 లోపు ఆడపిల్లలు 1,526 మందిని అడిగి, ఆ ఫలితాలను 2005లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. వారిలో 60 శాతం మంది తాము అక్కడికి వస్తున్నట్టు తల్లికో తండ్రికో తెలుసునన్నారు. ఏ నియమమూ లేకుండానే సగం కంటే ఎక్కువ మంది చెప్పుకున్నారన్నమాట. తల్లిదండ్రులకు తెలియజేయడం తప్పనిసరి చేస్తే ఏమి చేస్తారని అడిగితే, దాదాపు అయిదుగురిలో ఒకరు గర్భనిరోధం ఏదీ వాడకపోవడమో, నమ్మకం లేని పద్ధతి మీద ఆధారపడడమో చేస్తామన్నారు. సంబంధమే మానేస్తామన్నవారు చాలా తక్కువ.

నా అభిప్రాయం

మిషన్ ఆస్పత్రిలో పనిచేసే నర్సు ఇలా రాయవచ్చునా అని కొందరికి అనిపించవచ్చు. పెళ్ళికి ముందు ఆ మార్గం మంచిది కాదని మేమూ చెబుతాము. కౌన్సెలింగ్‌లో మొదట చెప్పేది అదే. కానీ బిడ్డకు మంచిచెడ్డలు చెప్పడం వేరు, తప్పటడుగు వేసిన బిడ్డ ఆస్పత్రి గడప తొక్కలేకుండా చేయడం వేరు.

కాబట్టి నా మాట ఇది. తల్లిదండ్రుల అండ తప్పక కావాలి, దాని కోసం మేము ప్రయత్నించాలి. కానీ సంతకాన్ని తాళం చేయకూడదు. సమాచారానికి, సలహాకు, గర్భ పరీక్షకు, అత్యవసర సహాయానికి వచ్చిన బిడ్డను "ముందు మీ అమ్మను తీసుకురా" అని తిప్పి పంపితే, ఆ పిల్ల అమ్మ దగ్గరకు వెళ్ళదు. నేను చూసినంతవరకు మెడికల్ షాపుకో, నాటు మంత్రసానికో వెళ్ళింది, లేదా ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చుంది.

మా దగ్గరకు వస్తే ఏమి జరుగుతుంది?

ముందు బిడ్డతో ఒంటరిగా, మరో మహిళా సిబ్బంది సమక్షంలో మాట్లాడతాము. అప్పుడు మీరు కొంచెంసేపు బయట కూర్చోవలసి వస్తుంది. దయచేసి కోపగించుకోవద్దు. ఎవరైనా బలవంతం చేశారా, అతని వయసెంత, ఇంట్లో భయమా అని అడుగుతాము. పోలీసులకు తెలియజేయవలసిన బాధ్యత మాకు ఉందని బిడ్డకు దాచకుండా చెబుతాము. తరువాత ఇంట్లో నమ్మకమైన ఒక్కరి పేరు చెప్పమంటాము. అమ్మ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు. చాలామంది మొదట "వద్దు సిస్టర్" అంటారు. కాసేపటికి "మీరు పక్కన ఉంటే అమ్మకు చెబుతాను" అంటారు.

అత్యాచారానికి గురైన బిడ్డ అయితే ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ముందు పోలీసు కాగితం తెమ్మని తిప్పి పంపరాదు. గర్భం రాకుండా మాత్ర ఇవ్వడం కూడా ఆ చికిత్సలో భాగమే.

తెలుసుకోవలసిన కొన్ని వైద్య సంగతులు

అత్యవసర మాత్రను 72 గంటల లోపల వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది తీయలేదు. నెల నెలా వాడే మందు కాదు.

గర్భస్రావం మాత్రలు వేరు. వాటిని డాక్టరు లేకుండా మెడికల్ షాపులో కొని వాడితే, గర్భం పూర్తిగా పోక రక్తస్రావంతో ప్రాణం మీదకు వచ్చిన వారిని మా క్యాజువాలిటీలో చూశాము.

నిరోధ్ ఒక్కటే గర్భంతో పాటు హెచ్.ఐ.వి. వంటి సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది. మాత్రలకు, ఇంజెక్షన్లకు ఆ శక్తి లేదు.

చిన్న వయసులో పెళ్ళి జరిగిపోయిన బిడ్డకు మొదటి కాన్పును వాయిదా వేయడానికి రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర, ఛాయ మాత్ర, మూడు నెలలకొకసారి చేసే అంతర ఇంజెక్షన్, కాపర్-టి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఏది తగినదో డాక్టరు పరీక్షించి చెప్పాలి. వీటిలో ఏదీ శాశ్వతం కాదు, మానిన తరువాత గర్భం వస్తుంది. అంతర ఇంజెక్షన్ మానిన తరువాత కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, భయపడనక్కరలేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాత్రం 22 ఏళ్ళ లోపు వారికి చేయరాదు.

ఇంట్లో మనం చేయవలసినవి

* రజస్వల అయినప్పుడు ఫంక్షన్ చేయడంతో సరిపెట్టవద్దు. నెలసరి అంటే ఏమిటి, గర్భం ఎలా వస్తుంది అన్నది తల్లే చెప్పాలి. మీకు చెప్పడం రాకపోతే మా దగ్గరకు తీసుకురండి.

* మగపిల్లలకు కూడా చెప్పాలి. 18 లోపు బాలికతో సంబంధం నేరమని, "ఆమె ఒప్పుకుంది" అన్న మాట కోర్టులో పనికిరాదని తండ్రి చెప్పాలి.

* వేరే ఇంటి ఆడపిల్ల గురించి మీ పిల్లల ముందు నోరు జారవద్దు.

* నెలసరి తప్పితే తిట్టడానికి ముందు పరీక్ష చేయించండి. ఒక్కొక్క వారం గడిచేకొద్దీ దారులు మూసుకుపోతాయి.

* పరువు కోసం హడావిడిగా పెళ్ళి చేయవద్దు. బాల్య వివాహం కూడా నేరమే.

* ఇంట్లోవారి వల్లనే బిడ్డకు హాని జరుగుతోందని అనుమానం వస్తే 1098కి ఫోను చేయండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. గర్భం తీయడానికి కాలం మించిపోయింది. చట్టప్రకారం పోలీసులకు తెలియజేశాము. ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. బి.పి. పెరిగిపోయి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. రాత్రి రెండు గంటల వేళ థియేటరు బయట ఆ తల్లి అనుమతి కాగితం మీద సంతకం చేసింది. చేయి వణికి పేరు పక్కకు పోయింది. తల్లీబిడ్డల ప్రాణాలు దక్కాయి. పిల్ల ఇంటర్ ఒక సంవత్సరం ఆలస్యంగా పూర్తి చేసింది.

డిశ్చార్జి రోజున ఆ తల్లి నాతో, "సిస్టరమ్మా, ఈ సంతకం అయితే అడిగారు కానీ, ముందు నాకెవరూ చెప్పలేదమ్మా" అంది. ఆమె చెప్పింది నిజమే. ఆమెకు చెప్పవలసినది చట్టం కాదు, ఆస్పత్రి కాదు, ఆమె కూతురు. కూతురికి ఆ ధైర్యం రావాలంటే దానికి ఏ సంతకమూ అక్కరలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ బిడ్డతో ఒక్క మాట అని చూడండి: "ఏం జరిగినా ముందు నాకు చెప్పు. తిడతానేమో గాని, నిన్ను వదిలిపెట్టను."